వేళ్ళు లెక్కపెట్టారా?

2020 ఫిబ్రవరి మొదటి వారం. కూకట్‌పల్లిలో మా కాలనీకి దగ్గర్లోనే ఉన్న ఒక స్కానింగ్ సెంటర్‌కి టిఫా స్కాన్ కోసం వెళ్ళాం. నాకు అప్పటికి సరిగ్గా 19 వారాల 3 రోజులు. ఆ మూడు రోజులు ఇంకా ఎందుకు గుర్తున్నాయో కాసేపట్లో చెప్తాను. టిఫా అంటే ఐదో నెలలో బిడ్డను తల నుంచి కాలి వేళ్ళ దాకా ఒక్కో అవయవం చొప్పున చూసే స్కాన్. నాకు తెలిసిందల్లా మా పిన్ని కూతురు తన ఫోన్‌లో చూపించిన ఫోటో, బిడ్డ మొహం పక్క నుంచి కనిపించేది. అలాంటిదొకటి ఇస్తారనుకుని వెళ్ళాను.

డాక్టరు మొదటి రెండు నిమిషాలు బాగానే మాట్లాడాడు. ఏం చదువుకున్నావు, ఎక్కడ ఉద్యోగం అని. తర్వాత మాట్లాడటం మానేశాడు. ప్రోబ్ ఒకే చోట తిప్పుతున్నాడు, నొక్కుతున్నాడు, పక్కకి తిరగమంటున్నాడు, కాసేపు నడిచి రమ్మన్నాడు, నీళ్ళు తాగి రమ్మన్నాడు. మూడోసారి లోపలికి వెళ్ళేటప్పటికి బయట కూర్చున్న ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. రిపోర్టులో సారాంశం ఇంతే: రెండు కిడ్నీలూ బాగా పెద్దవిగా ఉన్నాయి, ఉమ్మనీరు దాదాపు లేదు, అందువల్ల మిగతా అవయవాలు స్పష్టంగా కనిపించడం లేదు.

ఐదో నెలకి ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ పోసే మూత్రమేనని నాకు అప్పటిదాకా తెలీదు. కిడ్నీలు పనిచేయకపోతే నీరుండదు, నీరు లేకపోతే ఊపిరితిత్తులు పెరగవు. పైగా నీరు లేని కడుపులో స్కాన్ చేయడమంటే పొగమంచులో ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడపడమే, ఎదురుగా ఏదో ఉందని తెలుస్తుంది కానీ అది లారీనో ఆటోనో తెలియదు.

అదే సాయంత్రం మా డాక్టరమ్మ రిపోర్టు చూసి చెప్పింది. "చూడమ్మా, ఈ కిడ్నీలతో బిడ్డ బతకదు. తీయించేసుకోండి. చిన్న వయసే కదా, మళ్ళీ కనొచ్చు. నాలుగు రోజులే ఉన్నాయి, తొందరగా తేల్చుకోండి." మొత్తం కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా వెనక ఇంకా పదిమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు, ఆవిడ తప్పు కూడా అనలేను.

నాలుగు రోజుల లెక్క ఆవిడ సొంతం కాదు, చట్టానిది. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం అప్పటికింకా 20 వారాలే గడువు. అది దాటితే తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప తీయడానికి లేదు, కోర్టుకెళ్ళాల్సిందే. 2008లో ముంబైలో నికేతా మెహతా అనే ఆవిడ కడుపులో బిడ్డకి గుండె జబ్బుందని గడువు దాటాక తెలిసి బాంబే హైకోర్టుకి వెళ్తే అనుమతి ఇవ్వలేదు. కొన్ని రోజులకి ఆవిడకి కడుపు దానంతటదే పోయింది. ఆ తర్వాత ఎంతమంది కోర్టుల చుట్టూ తిరిగారో. లోపాలు కనిపెట్టే స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేయమంటారు, తీయించుకునే గడువేమో 20 వారాలకి అయిపోతుంది. మధ్యలో ఆలోచించుకోవడానికి చోటేది? నా వరకు అది నాలుగు రోజులు, అందులో ఒక ఆదివారం.

తీయించుకున్నాం. దాని గురించి నాకు పశ్చాత్తాపం లేదు, ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ వ్యాసం తీయించుకోవద్దని చెప్పడానికి రాస్తున్నది కాదు. రెండుసార్లు తీయించుకున్నదాన్ని నేను. నా కోపం తొందర మీద.

అబార్షన్ అంటే మత్తిచ్చి నిద్రలో చేసేస్తారనుకున్నాను. ఐదో నెలలో అది కాన్పే. మాత్ర మింగించారు, రెండు రోజుల తర్వాత ఇంకో మాత్రలు పెట్టారు, పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. పక్క గదిలో ఎవరికో పాప పుట్టి ఏడుస్తోంది, ఆ వరండాలోనే స్వీట్లు పంచుతున్నారు. నేను బిడ్డను చూడలేదు. "చూడకు, మనసులో నిలిచిపోతది" అని అందరూ అన్నారు, సరే అన్నాను. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఇస్తే మా ఆయన, మా చిన్నాన్న కారులో సూర్యాపేట దగ్గర మా ఊరికి తీసుకెళ్ళి పొలం గట్టు మీద పాతిపెట్టి వచ్చారు. ఫైల్లో మిగిలింది డిశ్చార్జ్ కాగితం ఒక్కటే. అందులో బిడ్డ గురించి ఒకే ఒక్క వాక్యం, అది కూడా సగం అర్థం కాని రాత.

మూడో రోజు పాలొచ్చాయి. ఇది ఎవరూ చెప్పలేదు. బిడ్డ లేకపోయినా ఐదో నెల కాన్పుకి పాలు వస్తాయని, పాలు రాకుండా మాత్ర ఉంటుందని ఒక్క నర్సు ఒక్క మాట అన్నా సరిపోయేది. రాత్రి రెండింటికి జాకెట్ తడిసి లేచి కూర్చుని ఏడ్చాను. అమ్మ మల్లెపూలు కట్టాలంది, పూర్వం నుంచి మనవాళ్ళు చేసేదే. ఫిబ్రవరిలో మల్లెలెక్కడివి? నాన్న తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్ళి ఎంతపెట్టి కొన్నాడో ఇప్పటికీ చెప్పడు, ఒక సంచీ నిండా తెచ్చాడు. ఆ వాసన ఇప్పటికీ పడదు నాకు, పెళ్ళిళ్ళలో దూరంగా నిలబడతాను.

ఆఫీసు సంగతి మాధాపూర్లో పనిచేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా హెచ్‌ఆర్ అమ్మాయి "సిక్ లీవ్ ఎన్ని ఉన్నాయో చూసుకోండి మేడం" అంది. గర్భం పోయినా, చట్టప్రకారం తీయించుకున్నా ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో అప్పటికే రాసి ఉంది. ఆ అమ్మాయికి తెలీదు, నాకూ తెలీదు. తొమ్మిదో రోజు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఊళ్ళో రెండు కథలు పుట్టాయి. ఒకటి, ఐదో నెలలో తీయించారంటే ఆడపిల్లని తెలిసే తీయించారని. స్కాన్‌కి ముందు, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని ఫారం ఎఫ్ మీద సంతకం పెడతామని, ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరమని, గోడ నిండా ఆ బోర్డే ఉంటుందని ఎవరికి చెప్తాం? నిజం చెప్పాలంటే బిడ్డ ఆడో మగో నేనిప్పటికీ అడగలేదు.

రెండో కథ గ్రహణం. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం పట్టింది, గుర్తుందా, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. నేను ఆ పొద్దున్నే క్యాబ్‌లో ఆఫీసుకి వెళ్ళాను. మా అత్తమ్మ, అంటే మా నాన్నకి సొంత అక్క, నాకు మేనత్తే అత్తగారైంది, "గ్రహణం నాడు గడప దాటొద్దంటే విన్నవా బిడ్డా" అంది. తిట్టలేదు, ఏడుస్తూ అంది, అందుకే తట్టుకోవడం ఇంకా కష్టమైంది. అసలు మన భాషలోనే ఉంది ఈ తగువు. పెదవి చీలి పుడితే దాని పేరే గ్రహణమొర్రి. రోగానికి పేరు పెట్టేటప్పుడే తల్లి మీద కేసు రాసిపెట్టేశాం. పైపెదవి అతుక్కోవాల్సింది రెండో నెలలోనే, చాలామందికి అప్పుడప్పుడే నెల తప్పిన సంగతి తెలుస్తుంది. నా విషయంలో గ్రహణం నాటికి పదమూడు వారాలు దాటాయి, వేళ్ళూ కిడ్నీలూ అన్నీ అప్పటికే తయారైపోయాయి. సూర్యుడు ఆలస్యంగా వచ్చాడన్నమాట. ఇది అత్తమ్మకి చెప్పగలిగింది నాలుగేళ్ళ తర్వాత.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఫిబ్రవరిలో అందరూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగారు: ఉంచాలా, తీయాలా. డాక్టరమ్మ, మావాళ్ళు, నేను, అందరం. ఇది ఏమిటి అనే ప్రశ్న ఎవరూ వేయలేదు. పెద్ద కిడ్నీలు, నీరు లేదు అన్నది జబ్బు పేరు కాదు, జ్వరం అన్నట్టే ఒక లక్షణం. దాని వెనక ఎన్నో కారణాలుండొచ్చు. కొన్ని ఏదో ఒకసారి అలా జరిగిపోయేవి, మళ్ళీ రావు. కొన్ని తల్లిదండ్రుల జన్యువుల్లో కూర్చుని ప్రతి కాన్పుకీ వచ్చి తలుపు కొట్టేవి. "మళ్ళీ కనొచ్చు" అని చెప్పాలంటే ముందు ఇది ఏ రకమో తెలియాలి కదా. తెలియకుండా చెప్పిన ధైర్యానికి విలువేముంది?

కాన్పు అయ్యాక కూడా తెలుసుకోవచ్చు. బిడ్డని జెనెటిక్స్ డాక్టర్ చూస్తే, ఫోటోలు, ఒక ఎక్స్‌రే తీస్తే, బొడ్డుతాడు ముక్కో చిన్న చర్మం ముక్కో డీఎన్‌ఏ కోసం దాచిపెడితే చాలా వరకు దారి దొరుకుతుంది. మొత్తం కోసి చూడాల్సిన పని కూడా ప్రతిసారీ ఉండదు, ఇంట్లోవాళ్ళు వద్దంటే పైనుంచి చూసి, ఎక్స్‌రేతో, చిన్న ముక్కతో సరిపెట్టుకోవచ్చు. ఒకే ఒక్క జాగ్రత్త, జన్యు పరీక్షకి పంపేదాన్ని ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్ళకుండా ఆసుపత్రుల్లో వాడే మందునీళ్ళలో, వేయకూడదు, ఫార్మలిన్ డీఎన్‌ఏని పాడుచేస్తుంది. సెలైన్‌లో పెట్టి, ఐస్ మీద, వెంటనే పంపాలి. ఈ ఊళ్ళో ఇదేం దొరకని వసతి కాదు. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ ఉంది, అరుదైన జబ్బుల కోసం కేంద్రం 2021లో తెచ్చిన విధానంలో ఈ రెండూ కలిపి ఒక ప్రత్యేక కేంద్రం. నేను కాన్పైన ఆసుపత్రి నుంచి నిమ్స్ ఆటోలో గంట కూడా పట్టదు.

రెండోసారి నెల తప్పింది 2021లో. కోవిడ్ రెండో వేవ్ సద్దుమణిగాక. ఈసారి పన్నెండో వారంలోనే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, కడుపులో బిడ్డకే డాక్టర్లు వాళ్ళు. మొదటిసారి మూడో నెల స్కాన్ ఐదు నిమిషాల్లో "గుండె కొట్టుకుంటోంది" అని చెప్పి పంపేశారు, ఈవిడ నలభై నిమిషాలు చూసింది. మూడో నెలలో ఉమ్మనీరు ఇంకా బిడ్డ మూత్రం మీద ఆధారపడదు కాబట్టి నీరు మామూలుగానే ఉంటుందట, అంటే నా మొదటి బిడ్డ కూడా అప్పుడు స్పష్టంగానే కనిపించి ఉండేది, చూసేవాళ్ళుంటే. తల వెనక చిన్న సంచిలా ఉబ్బు ఉందని స్క్రీన్ నావైపు తిప్పి చూపించింది. కిడ్నీలు కూడా మామూలుగా లేవంది. నేను ఏడవలేదు, వింతగా అనిపించింది, ఎవరో పాత మనిషి మళ్ళీ ఇంటికొచ్చినట్టు.

జెనెటిక్స్ డాక్టర్ ఒక తెల్లకాగితం తీసుకుని మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టాడు. గుండ్రాలు ఆడవాళ్ళకి, చతురస్రాలు మగవాళ్ళకి. నా నుంచి, మా ఆయన నుంచి రెండు గీతలు పైకి వెళ్ళి తాత దగ్గర కలిసిపోయాయి. మేనరికం కాబట్టి భార్యాభర్తల మధ్య రెండు గీతలు గీశాడు. గీస్తూనే, తల ఎత్తకుండా అడిగాడు.

"మొదటి బిడ్డకి చేతి వేళ్ళు లెక్కపెట్టారా ఎవరైనా?"

నేను లేదని చెప్పబోతున్నాను. పక్క నుంచి మా ఆయన అన్నాడు, "ఆరు సార్."

రెండేళ్ళు. రెండేళ్ళు ఆ మాట లోపలే పెట్టుకుని తిరిగాడు. పొలం గట్టు మీద గుడ్డ కొంచెం జారితే చేయి కనిపించిందట, చిటికెన వేలు పక్కన మొగ్గలా ఇంకో చిన్న వేలు, రెండో చేతికీ అంతే. చిన్నాన్న చూడకుండా గుడ్డ సర్దేశాడట. "నీకు చెప్తే ఇంకా బాధపడతావని చెప్పలేదు" అన్నాడు కారెక్కాక. బావా, నువ్వు ఆ వేలు గురించి ఎవరికైనా డాక్టర్‌కి చెప్పి ఉంటే అని నోటిదాకా వచ్చింది. అనలేదు. అడిగినవాళ్ళెవరు అతన్ని? బిడ్డని చివరగా చూసిన మనిషి అతనొక్కడే, ఆసుపత్రిలో ఒక్కరూ అతన్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

తల వెనక సంచి, పెద్ద కిడ్నీలు, ఆరో వేలు. ఈ మూడూ కలిస్తే డాక్టర్ల మనసులో ముందుగా రెండు పేర్లు మెదులుతాయట. ఒకటి ట్రైసోమీ 13, అంటే పదమూడో క్రోమోజోమ్ రెండుండాల్సిన చోట మూడు ఉండటం. రెండోది మెకెల్ గ్రూబర్ సిండ్రోమ్, అమ్మానాన్నలిద్దరి నుంచీ తప్పు జన్యువు వస్తే బిడ్డకి వచ్చే జబ్బు. జర్మనీకి చెందిన మెకెల్ 1822లోనే దీని గురించి రాశాడు, 1934లో గ్రూబర్ మళ్ళీ రాశాడు. స్కాన్‌లో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటిలోనూ బిడ్డ బతకడం కష్టమే, మెకెల్ అయితే పుట్టాక గంటలు, మహా అయితే రోజులు. కానీ వచ్చే కాన్పు దగ్గరికి వచ్చేసరికి రెండు దారులు వేరు. ట్రైసోమీ 13 సాధారణంగా మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఒకటి చుట్టుపక్కల. మెకెల్ అయితే నాలుగింట ఒకటి, ప్రతిసారీ. ఉంచాలా తీయాలా అన్న ప్రశ్నకి రెండింటికీ మేం చెప్పే జవాబు ఒకటే అయ్యుండేది. ఆ తర్వాతి జీవితం మాత్రం ఒకటి కాదు. పేరు ఎందుకు తెలుసుకోవాలని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇదే.

మాయలోంచి సన్న సూదితో చిన్న ముక్క తీశారు, సీవీఎస్ అంటారు. క్రోమోజోములు మామూలుగా ఉన్నాయని కొద్ది రోజుల్లోనే చెప్పారు, అంటే ట్రైసోమీ కాదు. జన్యువు తేలడానికి వారాలు పడుతుంది, స్కాన్‌లో కనిపిస్తున్నదానికి మాత్రం ఆ వారాలు ఆగక్కర్లేదని ఫీటల్ మెడిసిన్ డాక్టర్ వివరంగా చెప్పింది, ఉంచుకోవాలనుకుంటే పుట్టాక నొప్పి లేకుండా చూసుకునే ఏర్పాటు గురించి కూడా అంతే ఓపికగా చెప్పింది. ఒక వారం ఆలోచించుకుని పదిహేనో వారంలో తీయించుకున్నాం. ఈసారి బిడ్డని చూశాను. చేతులు నా వేలి గోరంత. లెక్కపెట్టాను.

జన్యువులన్నీ ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష రిపోర్టు వచ్చింది, మెకెలేనని తేలింది. మా ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒకే చోట ఒకే తప్పు. ఖర్చు మా ఆయన నెల జీతం దాటింది, అది చిన్న విషయం కాదు, అందరూ పెట్టుకోలేరు. మా తాత ఉన్న ఏడెకరాలు పంచినప్పుడు నాన్నకీ అత్తమ్మకీ మధ్య గట్టు దగ్గర మూడేళ్ళు మాటల్లేవు. ఇదొక్కటే ఏ గొడవా లేకుండా ఇద్దరికీ సమానంగా పంచి వెళ్ళాడు. ఈ మాట అంటే జెనెటిక్స్ డాక్టర్ పెన్ను పక్కన పెట్టి నవ్వాడు, నేనూ నవ్వాను, చాన్నాళ్ళ తర్వాత.

మేనరికాల మీద పడి ఏడవాలని నాకు లేదు. ఏ పెళ్ళిలోనైనా నూటికి రెండు మూడు కాన్పుల్లో ఏదో ఒక పెద్ద లోపం కనిపిస్తుంది, బావామరదళ్ళ పెళ్ళిలో ఆ లెక్క దాదాపు రెట్టింపవుతుంది. అంటే నూటికి తొంభై నాలుగైదు మంది బాగానే పుడతారు, అందుకే మన తాతలెవరికీ ఇది తప్పనిపించలేదు. కానీ మేనరికం చేసుకున్నవాళ్ళకి ఇలాంటి బిడ్డ ఒక్కసారి వచ్చిందంటే దాన్ని 'ఖర్మ' అని మడిచి పెట్టేయకూడదు.

ఇక తొందరకి రెండో వైపు. అదే ఫీటల్ మెడిసిన్ సెంటర్లో వెయిటింగ్ హాల్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి పరిచయమైంది. ఇరవై రెండు వారాలు. బిడ్డ ఛాతీలో గుండె పక్కనే పొట్ట కనిపిస్తోంది, ఛాతీకీ పొట్టకీ మధ్య గోడలా ఉండే డయాఫ్రమ్‌లో రంధ్రం ఉండి పేగులు పైకి ఎక్కాయి. రెండున్నర, మూడు వేల కాన్పుల్లో ఒకటి ఇలా వస్తుంది. అక్కడి డాక్టరు ఆ అమ్మాయికి చెప్పింది కూడా అచ్చం నాకు చెప్పిందే, ఆ మాటలే: తీయించేసుకోండి, చిన్న వయసే. ఇక్కడ కూర్చోబెట్టి ఊపిరితిత్తి ఎంతుందో కొలిచారు, కాలేయం పైకెక్కిందా కిందే ఉందా చూశారు, కిందే ఉంది. అలాంటప్పుడు బతికే అవకాశం బాగానే ఉంటుంది, పిల్లల సర్జన్, మంచి ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ, ఒకే కప్పు కింద ఉన్నచోట కాన్పు అయితే. పుట్టగానే మాస్కు పెట్టి గాలి కొట్టకూడదు, ఆ గాలి పొట్టలోకి వెళ్ళి ఊపిరితిత్తుల్ని ఇంకా నొక్కేస్తుంది, నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. ఆపరేషన్ కూడా పరిగెత్తి చేసేది కాదు, బిడ్డ నిలదొక్కుకున్నాక చేస్తారు. ఇవన్నీ ముందే తెలిస్తేనే జరుగుతాయి. ఆ బాబు నెల రోజుల దాకా ఎన్‌ఐసీయూలో ఉండి ఇంటికెళ్ళాడు. కాలేయం పైకెక్కినవాళ్ళలో, ఊపిరితిత్తులు బాగా చిన్నగా ఉన్నవాళ్ళలో అన్నీ చేసినా దక్కనివాళ్ళూ ఉంటారు, ఆ సెంటర్లోనే చూశాను. ఆ అమ్మాయిది అదృష్టం కూడా. కానీ ఆ అదృష్టం దాకా రావడానికి ఆ అమ్మాయి అన్న మొండితనం పనికొచ్చింది, "ఇంకో దగ్గర చూపిద్దాం" అని బస్సెక్కించాడు. వైద్యం అన్నల మొండితనం మీద నడవకూడదు.

నాకు చెప్పినది నిజమైంది, ఆమెకి చెప్పినది తప్పైంది. చెప్పిన పద్ధతి మాత్రం ఒక్కటే. అందుకే అంటున్నాను, సమస్య తీయమనడంలో లేదు, చూడకముందే తేల్చేయడంలో ఉంది.

గడువుంది కదా అంటారా? ఇప్పుడు ఆ గడువు మారింది. 2021 సెప్టెంబర్ నుంచి బిడ్డలో తీవ్రమైన లోపాలున్నప్పుడు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా చేయొచ్చు. అది దాటినా, లోపం తీవ్రమైనదని మెడికల్ బోర్డు ఒప్పుకుంటే గడువే లేదు. బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు ఉంటారు, అర్జీ పెట్టిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని, ఒప్పుకుంటే ఐదు రోజుల్లోపు పని పూర్తవ్వాలని నిబంధనల్లో రాసి ఉంది. కాగితం మీద ఉన్నది బోర్డు దగ్గర ఎంత సాఫీగా జరుగుతుందో వెళ్ళినవాళ్ళకే తెలుసు, ఇప్పటికీ కొందరు హైకోర్టు గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు. అయినా 2020లో మా డాక్టరమ్మకి ఉన్న నాలుగు రోజుల భయం ఈ రోజు పందొమ్మిదో వారంలో ఉన్నవాళ్ళకి లేదు. చట్టం మారింది, నోటి అలవాటు మారలేదు. మొన్న కూడా మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇరవయ్యో వారంలో "రెండు రోజుల్లో చెప్పండి" అన్నారు. ఎందుకు రెండు రోజులు? ఎవరు పెట్టిన గడువది?

మా ఆయన ఫ్రెండ్ ఒకతను డాక్టరే, ఇదంతా విని "ఇన్ని వివరాలు చెప్తే జనం బెదిరిపోతారు, పల్లెటూరివాళ్ళకి జన్యువులంటే ఏం అర్థమవుతుంది" అన్నాడు. పత్తి చేలో ఏ విత్తనం రెండో ఏడు మొలవదో మా నాన్నకి తెలుసు, ఏ ఆవుకి ఏ దూడ పుడుతుందో అంచనా కట్టే మనుషులు మావాళ్ళు. నాలుగింట ఒకటి అన్న మాటని మా అత్తమ్మ ఒక్క నిమిషంలో పట్టుకుంది, "అంటే మూడు పాళ్ళు మంచే గదా" అంది. నాకే అలా తిప్పి చూడాలని తట్టలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కూడా అనను. 2022 నవంబర్లో తెలంగాణ సర్కారు దవాఖానాలకి 56 టిఫా మిషన్లు ఇచ్చారు, హైదరాబాద్ పేట్లబుర్జు ఆసుపత్రిలో ప్రారంభించారు. అంతకుముందు ఈ స్కాన్ కోసం బయట వేలల్లో పెట్టుకోవాల్సి వచ్చేది. మంచిదే. కానీ మిషన్ లోపాన్ని చూపిస్తుంది, దాని ముందు అరగంట కూర్చుని "ఇది ఏమిటి, ఏమై ఉండొచ్చు, తర్వాత ఎక్కడికెళ్ళాలి" అని చెప్పే మనిషి కావాలి. ప్రతి జిల్లాలో జెనెటిక్స్ డాక్టర్‌ని పెట్టమనడం లేదు. ఒక ఫోన్ నంబరు, లేబర్ రూమ్ గోడ మీద ఒక కాగితం, సెలైన్ సీసా, ఐస్ బాక్స్, ఉప్పల్ దాకా తీసుకెళ్ళే ఒక మనిషి. దీనికి కోట్లు అక్కర్లేదు.

మూడోసారి 2023లో. పన్నెండో వారంలో సీవీఎస్, ఈసారి వెతకాల్సిన చోటు ముందే తెలుసు కాబట్టి ఆ ఒక్క జన్యువే చూశారు. రిపోర్టు కోసం ఆగిన పది రోజులు ఎలా గడిచాయో రాయను. మా పాపకి ఆ తప్పు ఒక పక్క నుంచే వచ్చింది, రెండో పక్క మంచిది, అంటే నాలాగే తను కూడా మోస్తుంది, జబ్బు రాదు. ఇప్పుడు రెండేళ్ళు దాటింది, ఇడ్లీలో కారప్పొడి అడుగుతుంది. తను పుట్టింది కాబట్టి నేను చెప్పేది రైటని కాదు. నాలుగో వంతు అటు పడి ఉంటే పాప లేదు, ఈ మాటలు మాత్రం ఇవే ఉండేవి.

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. ఆ రోజు బావతో కారులో వెళ్ళిన చిన్నాన్నే. వాళ్ళ మరదలి కూతురికి నల్గొండలో కాన్పైంది, ఏడో నెల, బిడ్డ పుట్టి గంటలో పోయింది, కాళ్ళూ చేతులూ బాగా పొట్టిగా ఉన్నాయట, పొద్దున్నే తీసుకెళ్ళి పాతిపెట్టేస్తామంటున్నారు. "నువ్వేదో పరీక్ష ఉంటదని చెప్పినవు గదా బిడ్డా, గిప్పుడు జేస్తరా?" అన్నాడు.

"చేస్తారు చిన్నాన్నా. ముందు ఫోన్లో ఫోటోలు తీయించు, మొత్తం, మొహం, చేతులు, వీపు. అక్కడే ఎక్స్‌రే ఒకటి తీయమని అడుగు. బొడ్డుతాడు ముక్క కొంచెం ఉంచమను. ఫార్మలిన్‌లో వేయొద్దను, సెలైన్‌లో పెట్టమను."

"ఆగు ఆగు, రాసుకుంటున్న." పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు, వెనక ఎవరో ఏడుపు. "ఏంట్ల ఏసుడొద్దంటివి? మళ్ళ జెప్పు."

"ఫార్మలిన్."

"ఫా... ర్మ... లిన్. ఆఁ. ఇంకా?"

"వేళ్ళు లెక్కపెట్టు చిన్నాన్నా."